కొండ అంటుకున్నప్పుడు: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి శేషాచలం అంచున ఉండే మా వీధుల్లో ఒకటే మాట, కొండ అంటుకుందంట. మిద్దెక్కి చూస్తే నిజంగానే చీకట్లో ఎర్రటి గీత వంకర్లు తిరుగుతూ కనిపిస్తుంది, ఇంక ఆ రాత్రంతా ఫోన్లు, వాట్సాప్‌లో వీడియోలు, ఎవరు అంటించారనే వాదనలు. నన్ను అడిగినవీ, నేను అడిగి తెలుసుకున్నవీ అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మార్చిలో కాదు, ఇప్పుడే చదవండి.

కొండ మీద మంట కనిపిస్తోంది. అది ఊళ్లోకి దిగి వస్తుందా?

చాలాసార్లు రాదు, కానీ రానే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అగ్గికి ఎక్కడం సులువు, దిగడం కష్టం. వాలు పైకి పోయేటప్పుడు మంట తన ముందున్న గడ్డిని ముందే వేడెక్కించి ఆరబెడుతుంది కాబట్టి పరుగెడుతుంది, వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ వేగం దాదాపు రెట్టింపు అవుతుందని మంటలార్పేవాళ్లు లెక్క వేసుకుంటారు. కిందికి వచ్చేటప్పుడు నిదానంగా పాకుతుంది. మన కొండల్లో కాలేది ఎక్కువగా నేల మీది ఎండుటాకు, బోద గడ్డి, పొదలు. రాలిన ఆకు మీద పోయే మంట మోకాలెత్తు కూడా ఉండదు, అదే ఏపుగా పెరిగి ఎండిన బోదలోకి చేరిందంటే మనిషిని దాటి లేస్తుంది.

దిగి వచ్చేది ఎలాగంటే, కాలుతున్న మొద్దు దొర్లి కింద పడుతుంది, లేదా గాలి తిరిగి నిప్పురవ్వలు ఎగిరొస్తాయి. గాలి కొండ వైపు నుంచి మీ వైపు కొడుతూ, బూడిద రేకులు మిద్దె మీద పడుతున్నాయంటే ఇక నిద్రపోయే సమయం కాదు. పడే రేకులు నల్లగా చల్లగా ఉన్నాయా, అంచున ఇంకా ఎర్రగా ఉన్నాయా అని చూడండి. ఎర్రగా ఉంటే గడ్డివామి దగ్గర ఒక మనిషి నీళ్లతో నిలబడాలి.

అసలు ఎందుకు అంటుకుంటుంది? ఎండకు తనంతట తానే అంటుకుంటుందా?

లేదు. ఎండుగడ్డి అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటిన వేడి తగలాలి, మన ఎండ ఎంత మండినా 43, 44 డిగ్రీలు. వెదుర్లు రాసుకుని నిప్పు పుడుతుందనే మాట తాతల నాటి నుంచీ వింటున్నాం, కానీ మంటల కారణాలు వెతికే అధికారులు ఎక్కడికి పోయినా చివరికి తేలేది మనిషి చెయ్యే. పిడుగు ఒక్కటే సహజ కారణం, మన దగ్గర అది కూడా వానతో కలిసి వస్తుంది, మంటల కాలమేమో వాన లేని కాలం.

మనిషి చెయ్యి అంటే అందరూ దుర్మార్గులనుకోవద్దు. ఆర్పకుండా పారేసిన బీడీ, తేనె తీసేటప్పుడు పెట్టిన పొగ, అడవిలో వండుకుని వదిలేసిన పొయ్యి, కాలిస్తే కొత్త చిగురు వస్తుందని మేకల కోసం పెట్టిన అగ్గి, గాలికి రాసుకున్న కరెంటు తీగలు. వీటిలో మనం మాట్లాడనిది ఇంకొకటుంది, చేలల్లో కాల్చేది. చెరకు కొట్టాక మిగిలిన ఆకుకీ, మామిడి తోటలో ఊడ్చిన చెత్తకీ, గట్టు మీది గడ్డికీ అగ్గి పెట్టి భోజనానికి ఇంటికి వస్తాం. మధ్యాహ్నం గాలి లేస్తుంది. కయ్య దాటితే బీడు, బీడు దాటితే గుట్ట, గుట్ట దాటితే రిజర్వు ఫారెస్టు, మధ్యలో ఆపేది ఏదీ లేదు. సాయంత్రానికి ఆ అగ్గి ఎవరు పెట్టారో పెట్టినవాడికి కూడా తెలియదు, అది తనదని అనుకోడు కూడా.

వానలు బాగా పడిన ఏడాది మంటలు తగ్గాలి కదా?

ఇది చాలామందికి వింతగా ఉంటుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వానలకు కొండంతా గడ్డి ఒత్తుగా లేస్తుంది, జనవరి మంచు పోయాక ఎండడం మొదలవుతుంది, ఫిబ్రవరిలో చెట్లు కూడా ఆకు రాల్చి దాని మీద పరుపు పరుస్తాయి. అంటే మంచి వాన పడిన ఏడాది మార్చిలో కాలడానికి సరుకు ఎక్కువ. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగింది కూడా ఇదే లెక్క, అంతకు ముందు వరసగా రెండు శీతాకాలాలు వానలు దండిగా పడి పొదలు పెరిగాయి, ఆ తర్వాత నెలల తరబడి చుక్క వాన లేదు, దాని మీద ఎడారి గాలి. వేడెక్కుతున్న భూమి చేసేది అగ్గి పెట్టడం కాదు, పెట్టిన అగ్గికి కావలసినదంతా ఇంకా త్వరగా ఎండబెట్టి ఇవ్వడం.

ఎర్రచందనం స్మగ్లర్లే అంటిస్తారంటారు. నిజమేనా?

2014 మార్చిలో తిరుమల కొండల మీద పెద్ద మంట లేచి, పాపవినాశనం వైపు రాకపోకలు ఆపి, వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోసినప్పుడు ఊరంతా ఇదే మాట. అధికారుల దృష్టి మళ్లించడానికి అంటించి ఉంటారని టీ అంగళ్ల దగ్గర కూడా తేల్చేశారు. దొంగతనంగా అడవిలో రోజుల తరబడి ఉండేవాళ్లు వంట చేసుకుంటారు, బీడీలు తాగుతారు, వాళ్ల వల్ల నిప్పు పడే అవకాశం నిజంగానే ఉంది. కానీ ప్రతి మంటకూ వాళ్లే కారణమంటే సాక్ష్యం కావాలి, అది చాలాసార్లు దొరకదు, ఎందుకంటే మొదటి నిప్పు పడిన చోటే ముందుగా బూడిదయ్యేది.

నా బాధ వేరే. దొంగ పేరు చెప్పగానే మన పని అయిపోయినట్టు అనుకుంటాం. అంటించింది ఎవరైనా సరే, అది అంత దూరం ఎందుకు పాకింది, గడ్డి ఎందుకు కోయలేదు, మంట దాటకుండా గడ్డి తీసి ఉంచే ఖాళీ పట్టీ, అదే ఫైర్ లైన్, ఎందుకు మూసుకుపోయింది, నా ప్రహరీ గోడ పక్కన ఎండు కంప ఎందుకుంది అని అడగడం ఆగిపోతుంది. దొంగ మీద కోపం మరుసటి ఏడాది మార్చికి ఎందుకూ పనికిరాదు. మేకల కాపర్ల మీదా, అడవి మీద బతికే యానాదుల మీదా నెపం వేయడం ఇంకా అన్యాయం. మంట ఎక్కడ లేచిందో ముందుగా చూసి చెప్పేదీ, దారి చూపించేదీ చాలాసార్లు వాళ్లే.

ఏడుకొండల మీద మంట అంటే స్వామి ఆగ్రహమా?

నేనూ ఆ స్వామికి మొక్కేదాన్నే, కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. భయం వేసినప్పుడు మనిషి అర్థం వెతుక్కుంటాడు, పెద్ద మంట చూస్తే ఏదో తప్పు జరిగిందనిపించడం సహజం. 1871లో అమెరికాలో పెష్టిగో అనే ఊరూ దాని చుట్టుపక్కలా కాలి వెయ్యిమందికి పైగా పోయినప్పుడు అక్కడివాళ్లు కూడా ప్రళయం వచ్చిందనే అనుకున్నారు. మంట తర్వాత గుడికి పోయి దండం పెట్టుకుంటే మనసు కుదుటపడుతుంది, అది నేను చూశాను, కాదనను.

అయితే ఆగ్రహం అనేసి ఊరుకుంటే నష్టపోయేది ఎవరు? కొట్టం కాలిపోయిన మనిషికి, నీ పాపం వల్లే కాలిందని చెప్పినట్టు అవుతుంది. అది చాలా క్రూరమైన మాట. ఆ కొండ స్వామిదని నమ్ముతున్నాం కదా, అయితే నడకదారిలో అగ్గిపుల్ల గీయకుండా ఉండటం, చెట్ల మధ్య కర్పూరం వెలిగించి వదిలేయకుండా ఉండటం కూడా భక్తిలో భాగమే అని ఇంట్లో పిల్లలకు చెబుదాం.

అమెరికాలో ఇళ్లు బూడిదై పక్కనే చెట్లు పచ్చగా ఉన్నాయి. లేజర్లతో కాల్చారని వీడియో వచ్చింది.

ఇలాంటి వీడియోలు కొన్నేళ్లుగా రకరకాల ఊళ్ల పేర్లతో తిరుగుతూనే ఉన్నాయి. లేజర్లు లేవు. చెట్లు ఎందుకు మిగిలాయంటే, బతికున్న చెట్టులో నీళ్లుంటాయి, అంత తేలిగ్గా అంటుకోదు. అమెరికా ఇళ్లు ఎక్కువ భాగం చెక్కతో కడతారు, గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ పైకప్పు సందులోనో, అటక గాలి రంధ్రంలోనో, గోడవారన పోగైన ఎండుటాకులోనో పడి రాజుకుంటుంది, ఒక ఇల్లు అంటుకుంటే ఆ వేడికి పక్క ఇల్లు. చివరికి కాలేది అడవి కాదు, వీధి. అక్కడి అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. ఇల్లు కాలుతుందా నిలుస్తుందా అన్నది దూరాన కనిపించే పెద్ద మంట కంటే, ఆ ఇల్లూ దాని చుట్టూ సుమారు 100 అడుగుల లోపల ఉన్న వస్తువులూ తేలుస్తాయి.

ఆ వీడియో పంపిన అన్నను తిట్టకండి. తెలివిలేక పంపలేదు, అంత పెద్ద నష్టానికి ఒక చిన్న కొక్కెం కారణమంటే మనసు ఒప్పుకోదు. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ అనే ఊరిని కాల్చి 85 మందిని పొట్టనబెట్టుకున్న మంట నిజంగానే కరెంటు టవర్ మీద అరిగిపోయిన ఒక పాత ఇనుప కొక్కెం తెగడంతో మొదలైంది. కరెంటు కంపెనీ 2020లో కోర్టులో నేరం ఒప్పుకుంది కూడా.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉన్నాడు, టెన్షన్‌గా ఉంది. అలాంటిది మన దగ్గరా జరుగుతుందా?

మన జిల్లాల నుంచి అక్కడ పిల్లలున్న ఇళ్లు ఎన్నో, ఈ టెన్షన్ నాకు తెలుసు. వాళ్లకు ఫోన్ చేసినప్పుడు రెండే అడగండి, ఖాళీ చేయమని మెసేజ్ వచ్చేలా ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) అలర్టులకు నంబరు ఇచ్చారా, ఊళ్లోంచి బయటపడే రెండో దారి తెలుసా. పారడైజ్‌లో చాలామంది ఇరుక్కున్నది దారుల్లోనే, ఊరంతా ఒక్కసారిగా కార్లెక్కితే ఉన్న కొద్ది రోడ్లు చాలలేదు. వయసైనవాళ్లు, నడవలేనివాళ్లే ఎక్కువగా పోయారు.

ఇక మన దగ్గర సంగతి. తిరుపతిలో సిమెంటు మిద్దెలు, ఇటుక గోడలు, కాబట్టి వీధులకు వీధులు అలా కాలిపోవడం కష్టం. అది మనకున్న పెద్ద అదృష్టం. కానీ చంద్రగిరి, బాకరాపేట, మామండూరు వైపు, అటు పలమనేరు కౌండిన్య అడవి అంచున, కొండను ఆనుకుని ఉన్న పల్లెల్లో బోద కొట్టాలున్నాయి, పశువుల పాకలున్నాయి, గడ్డివాములున్నాయి. ఇల్లు నిలిచినా వామి కాలితే ఆ ఏడాది పాడి పోయినట్టే.

చిత్తూరు రైతులు తెలుసుకోవలసింది హవాయిలోని లహైనా కథ. 2023 ఆగస్టు 8న ఆ ఊరు కాలి దాదాపు 100 మంది చనిపోయారు. ఊరి చుట్టూ ఒకప్పుడు చెరకు తోటలు. చెరకు గిట్టుబాటు కాక సాగు ఆపేశారు, నీళ్లు పారిన పొలాలు బీళ్లయి వాటిలో బయటి దేశాల గడ్డి ఏపుగా పెరిగి ఎండింది. దానికి తోడు తుఫాను ఈదురుగాలి, తెగిన కరెంటు తీగ. మన జిల్లాలో చెరకు వదిలేసి బీడు పెట్టిన కయ్యలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఊరికీ కొండకీ మధ్య ఒకప్పుడు పచ్చటి పైరు అడ్డుగా ఉండేది, ఇప్పుడు అక్కడ కంప, ఎండుగడ్డి. సేద్యం పోయిన నేల అగ్గికి దారవుతుందని ఎవరూ మనకు చెప్పరు, నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ దిగులు పుట్టించేది ఇదే.

ఇంటి దగ్గర ఏం చేసుకోవాలి?

డబ్బు ఖర్చయ్యేది తక్కువ, ఒంటి కష్టమే ఎక్కువ. సంక్రాంతి అయిపోగానే గోడవార అయిదడుగుల దాకా ఎండుటాకు, కట్టెలు, పాత గోనెలు, కొబ్బరి మట్టలు లేకుండా ఊడ్చేయండి. మిద్దె మీద వానాకాలం నుంచి పడి ఉన్న ఆకు, నీళ్లు పోయే గొట్టం దగ్గర చిక్కుకున్న చెత్త, ఇవి రవ్వ పడటానికి సరైన చోట్లు. గడ్డివామిని కొట్టానికి ఆనించి వేయకండి, ఎంత కుదిరితే అంత ఎడంగా, వీలైతే కొండకు అవతలి పక్కన వేయండి, దాని చుట్టూ నాలుగడుగులు మట్టి కనిపించేలా చెక్కండి. గ్యాస్ సిలిండరు బయట పెట్టేవాళ్లు లోపల పెట్టండి. డ్రమ్ముల్లో నీళ్లు నింపి ఉంచండి, మంట వచ్చే రోజు కరెంటు ఉండదు, మోటారు ఆడదు.

పశువుల పలుపులు రాత్రిపూట తేలిగ్గా ఊడేలా కట్టండి. కొట్టం అంటుకున్నాక ముడి విప్పే సమయం దొరకదు.

ఇంట్లో మంచం మీద ఉన్న ముసలివాళ్లుంటే వాళ్లను ఎవరు, ఏ బండిలో, ఎవరింటికి తీసుకెళ్లాలో ముందే అనుకుని పెట్టుకోండి. ఆధార్, పాస్‌బుక్, పొలం కాగితాలు, మందులు ఒక్క సంచిలో ఉంటే చాలు.

మంట కనిపిస్తే ఎవరికి చెప్పాలి? మేమే పోయి ఆర్పవచ్చా?

101కి గానీ 112కి గానీ వెంటనే చేయండి, మీ దగ్గరి ఫారెస్టు బీట్ ఆఫీసర్ నంబరు ఇవాళే తీసి పెట్టుకోండి. ఉపగ్రహాలు చూస్తాయి కదా అంటారు, చూస్తాయి, భారత అటవీ సర్వే సంస్థ ఆ హెచ్చరికలు ఫోన్‌కే పంపుతుంది. కానీ ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది, ఆ మధ్యలో లేచిన మంటను ముందు చూసేది మీ కళ్లే. చెప్పేటప్పుడు కొండ మీద మంట అనకండి, ఏ కోన, ఏ వంక పక్కన, ఏ గుడి పైన అని గుర్తు చెప్పండి.

చేను గట్టు మీద మోకాలెత్తు మంటైతే నలుగురు కలిసి పచ్చి కొమ్మలతో ఆర్పవచ్చు. ఫారెస్టు వాచర్లు ఎలా చేస్తారో చూడండి, కొమ్మను ఎత్తి కొట్టరు, కొడితే రవ్వలు ఎగురుతాయి. మంట అంచు మీద కొమ్మను అణిచి, కాలిపోయిన వైపుకి ఊడుస్తారు, ఎప్పుడూ కాలిన నేల మీదే నిలబడతారు. నడుమెత్తు దాటితే వెనక్కి వచ్చేయండి. మంట వచ్చేలోగా దాని ముందున్న గడ్డిని మనమే కాల్చేసే ఎదురు నిప్పు పని అస్సలు వద్దు, అది గాలి చదవడం తెలిసినవాళ్ల పని.

మంటకు పై వాలులో ఎప్పుడూ ఉండకండి. 2018 మార్చి 11న తమిళనాడు తేని దగ్గర కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు ఎండుగడ్డి వాలులో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. మద్రాసు నుంచి మన కోనలకు, జలపాతాలకు వచ్చే కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పండి. చిక్కుకుంటే పైకి పరుగెత్తకూడదు. పక్కకు, బండరాళ్లు, కాలిన నేల, నీళ్లున్న వంక ఎటుంటే అటు పోవాలి. నైలాన్ బట్టలు ఒంటికి కరిగి అంటుకుంటాయి, నూలు బట్టలే వేసుకోండి.

ప్రతిసారీ హెలికాప్టర్లు ఎందుకు పంపరు?

హెలికాప్టర్ పోసే నీళ్లు మంట వేడిని తగ్గిస్తాయి, ఆర్పేది చివరికి కింద ఉన్న మనుషులే. ఖర్చు సంగతి పక్కన పెట్టినా, నీళ్లు తోడుకోవడానికి దగ్గర్లో చెరువో డ్యామో ఉండాలి, పొగలో పైలట్‌కు దారి కనపడాలి. నిజంగా లెక్కకు వచ్చేది వేసవికి ముందే గీసే ఫైర్ లైన్లు, సమయానికి జీతం అందే వాచర్లు. రోజుకూలీ మీద కొండెక్కి, చెప్పులు కాలుతుంటే మంటనార్పేవాళ్లకు మంచి బూట్లు ఇమ్మని అడగడానికి హెలికాప్టర్ కోసం అరిచినంత గట్టిగా మనం అరవం.

ఫారెస్టు వాళ్లే కాలుస్తుంటే చూశాను, అది తప్పు కదా?

ఫైర్ లైన్ కోసం గడ్డి కోసి, చలికాలపు పొద్దుల్లో పక్కన నీళ్లు పెట్టుకుని కాలుస్తారు, తర్వాత పెద్ద మంట వస్తే అక్కడికి వచ్చి ఆగుతుందని. అమెరికాలో 1935 నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఏ మంట లేచినా మరుసటి ఉదయం 10 గంటలకల్లా ఆర్పాలని నియమం పెట్టుకున్నారు, దాంతో అడవిలో సరుకు పేరుకుపోయి తర్వాతి మంటలు ఇంకా పెద్దవయ్యాయి. అలాగని మనం కాల్చకూడదు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం, అభయారణ్యంలో అయితే 1972 వన్యప్రాణి చట్టం కింద కూడా.

పొగకు ఏం చేయాలి?

బట్ట కట్టుకుంటే బూడిద ఆగుతుంది, సన్నటి పొగ కణాలు ఆగవు, ఎన్95 మాస్కు కావాలి. కొండ వైపు కిటికీలు మూసి ఒక్క గదిలో ఉండండి. ఆస్తమా ఉన్నవాళ్ల ఇన్‌హేలరు దగ్గర పెట్టండి, ఆయాసం తగ్గకపోతే 108.

కాలిన అడవి మళ్లీ వస్తుందా?

వస్తుంది, ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తే. మనది ఆకు రాల్చే అడవి, ఎర్రచందనం లాంటి చెట్లు పెద్దవైతే ఒకసారి మంటకు తట్టుకుంటాయి. చిన్న మొలక పైనంతా మాడినా వేరు నుంచి చిగురు వేస్తుంది. కానీ ఏటా కాలితే ఆ చిగురు ఎప్పటికీ చెట్టు కాదు, మెల్లగా గడ్డే మిగులుతుంది, గడ్డి మళ్లీ మంటను పిలుస్తుంది. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది ఎక్కువగా ఈ కొండల్లోనే, పోతే తెచ్చుకోవడానికి ఇంకో చోటు లేదు. నేల మీద గూడు పెట్టే పక్షులు, తాబేళ్లు, నిదానంగా కదిలే దేవాంగపిల్లి, వీటికి పరుగెత్తే శక్తి లేదు. లహైనాలో 1873లో నాటిన ఒక మర్రిచెట్టు ఉంది, మన దేశం నుంచే తీసుకెళ్లింది. ఊరితో పాటు అదీ మాడిపోయింది, నీళ్లు, ఎరువు పెట్టి జనం కాపాడుకుంటే కొన్ని వారాల్లోనే కొమ్మకు ఆకు వేసింది.

మంట ఆరింది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

ఇంకా కాదు. లహైనాలో పొద్దున లేచిన చిన్న మంటను ఆర్పి ఇంజన్లు వెళ్లిపోయాక, మధ్యాహ్నం అక్కడే మళ్లీ లేచి ఊరిని తినేసింది. లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ మంట కూడా 2025 జనవరి 1న ఆర్పిన మంట వేళ్లలో రాజుకుంటూ ఉండి 7వ తేదీన బయటపడిందని దర్యాప్తు చేసినవాళ్లు తేల్చారు. కాబట్టి మీ చేను పక్కన మంట ఆరినా కనీసం రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రమూ పోయి చూడండి. మొద్దుల కింద, ఎండిన వేళ్ల దగ్గర, పేడ కుప్పలో నిప్పు దాక్కుంటుంది. అరచేతి వెనక వైపు నేలకు దగ్గరగా పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే పార తీసుకుని తవ్వి, నీళ్లు పోసి, బురద అయ్యేదాకా కలపండి. మధ్యాహ్నం గాలి లేచే వేళకు అక్కడ ఒక మనిషి ఉండాలి, వంతులు వేసుకోండి.